ట్రాఫిక్‌లో బండి హీటెక్కుతోంది, కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క కూడా లేదు. హెడ్ దించాలంటున్నారు, నిజమేనా?

బెజవాడ_హ్యాచ్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, 2014 మోడల్, 1,12,000 కి.మీ. తిరిగింది.

సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగ్ వైపు పాకుతూ వెళ్తే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది. హైవే ఎక్కి గాలి తగిలితే మళ్ళీ కిందికి వచ్చేస్తుంది. ఏలూరు దాకా వెళ్ళొచ్చినా ఏ గొడవా ఉండదు. కూలెంట్ డబ్బాలో మ్యాక్స్ గీత దాకా పోస్తే వారం పది రోజుల్లో మిన్ కిందికి దిగిపోతోంది. పార్కింగ్‌లో నేల పొడిగానే ఉంటుంది.

మెకానిక్ ముందు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మార్చాడు, తర్వాత రేడియేటర్ క్యాప్ మార్చాడు. తేడా లేదు. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందట, హెడ్ దించి లేత్‌లో ఫేసింగ్ కొట్టించి చదును చేయించాలట, 28,000 అవుతుందట.

దీనికి సంబంధం లేదేమో గానీ ఇంకో సంగతి. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ వేడిగాలి కొడుతుంది, బండి కదిలితే చల్లబడుతుంది. ఎండాకాలం మొదట్లోనే గ్యాస్ కూడా పట్టించాను.

హెడ్ దించమనాలా, వద్దా?

వరంగల్_వీల్స్ | సోమవారం, రాత్రి 10:05

అన్నా, కూలెంట్ తగ్గుతుంది, కింద కారుతలేదు అంటే అది ఇంజన్ లోపలికే పోతున్నట్టు. గ్యాస్కెటే. మా బావమరిది బండికి గట్లనే అయింది, లేట్ చేసిండు, హెడ్ బెండ్ అయింది. తొందరగ చేపించు.

లారీ_శీను | సోమవారం, రాత్రి 10:20

హెడ్డూ వద్దు గిడ్డూ వద్దు. ముందు ఆ థర్మోస్టాట్ పీకి అవతల పారెయ్ తమ్ముడూ. మన ఎండలకి అదెందుకు? చిన్న లీకైతే రేడియేటర్లో గుప్పెడు పసుపు వెయ్యి, మూసుకుపోద్ది. మేం నరసరావుపేట నుంచి నాగపూర్ దాకా పసుపుతో తోలాం.

గోదారి_గ్యారేజ్ | సోమవారం, రాత్రి 11:15

శీను గారూ, ఆ పసుపు మీ కాలం ఇత్తడి రేడియేటర్లకి చెల్లింది, వాటి గొట్టాలు వెడల్పు. ఇప్పటి అల్యూమినియం కోర్‌లో గొట్టాలు సన్నగా, చదునుగా ఉంటాయి. అందులో పసుపు పడితే లీకు సంగతి దేవుడెరుగు, నీళ్ళు తిరగడమే ఆగిపోతుంది. కారు లోపలి హీటర్‌కి ఉండే చిన్న రేడియేటర్, అదే హీటర్ కోర్, ఇంకా సన్నం. బజార్లో దొరికే లీక్ స్టాప్ పొడులకీ నాది ఇదే మాట. దారిలో ఇరుక్కుపోతే ఇంటికి చేరడానికి పనికొస్తాయి, అంతే.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందన్నది మన గ్యారేజీల్లో పాతుకుపోయిన నమ్మకం. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. పైగా కొన్ని ఇంజన్లలో వేడెక్కాక బైపాస్ దారిని మూసేది కూడా ఆ థర్మోస్టాటే. అది లేకపోతే వేడినీళ్ళు కొన్ని రేడియేటర్‌కి వెళ్ళకుండానే మళ్ళీ ఇంజన్‌లోకి తిరిగొచ్చేస్తాయి. ఎండలో ఇంకా వేడెక్కుతుంది.

బెజవాడ గారూ, సంబంధం లేదేమో అని మీరు చివర్లో రాసిన ముక్కే నాకు అసలు సంగతిలా కనిపిస్తోంది.

ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద చల్లబడుతోందంటే నీళ్ళ ప్రవాహం బాగానే ఉంది, గాలి చాలట్లేదు. హైవే మీద గాలి దానంతటదే వస్తుంది. ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉండేదీ రేడియేటర్ ముందే, దానికీ అదే ఫ్యాన్. ఫ్యాన్ తిరక్కపోతే కండెన్సర్ వేడి వదలదు, గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. సిగ్నల్‌లో వేడిగాలి కొట్టేది అందుకే అయ్యుండొచ్చు. గ్యాస్ పట్టించిన డబ్బులు వృథా అయినట్టే.

రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, ఏసీ వెయ్యండి. కొన్ని సెకన్లలో ఫ్యాన్ మెల్లగా తిరగాలి. తిరుగుతోందో లేదో చెప్పండి. చేతులు, చున్నీలు, కండువాలు ఫ్యాన్‌కి దూరం. ఇంజన్ ఆపాక కూడా అది హఠాత్తుగా తిరుగుతుంది.

వరంగల్_వీల్స్ | సోమవారం, రాత్రి 11:30

సరే ఫ్యానే అనుకుందాం. మరి కూలెంట్ ఎటు పోతుంది? ఫ్యాన్ తాగుతదా?

గోదారి_గ్యారేజ్ | సోమవారం, రాత్రి 11:42

మంచి ప్రశ్నే. ముందు ఫ్యాన్ సంగతి తేలనివ్వండి.

తిరుపతి_టాక్సీ | మంగళవారం, ఉదయం 6:10

ఈలోగా బండి తీయాల్సొస్తే నా మాట ఒకటి విను అన్నా. కొండకి రోజూ ఎక్కీ దిగీ చూసినవి చెప్తుండా. ముల్లు లేస్తా ఉంటే ఏసీ ఆపు, హీటర్ ఫుల్లుగా పెట్టు, అద్దాలు దించు. మే నెలలో హీటర్ పెట్టమంటే ప్యాసింజర్లు తిడతారు గానీ అది చిన్న రేడియేటర్ మాదిరి పని చేస్తాది. ఆవిరి లేకపోతే పక్కన ఆపి, ఇంజన్ ఆన్‌లోనే పెట్టి కాసేపు చూడు. ఎర్ర లైటు వచ్చినా, ఆవిరి లేచినా వెంటనే ఆఫ్.

ఆ పైన క్యాప్ జోలికి పోవద్దు. ముక్కాలు గంటన్నా ఆగాల. ఘాట్ మీద తొందరపడి క్యాప్ తిప్పి మొహం కాల్చుకున్నోళ్ళని చూసినా. వేడి ఇంజన్ మీద బిందెతో చల్లనీళ్ళు కుమ్మరించేవాళ్ళూ ఉండారు. హెడ్ పగులుతుంది సామీ.

నల్గొండ_మాస్టారు | మంగళవారం, ఉదయం 7:25

క్యాప్ గురించి కొంచెం లెక్క చెబుతాను, ఎందుకు తీయకూడదో అర్థమవుతుంది. మామూలు నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి. కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే సుమారు 107. దాని మీద క్యాప్ ఒక బార్ దాకా ఒత్తిడి నిలబెడుతుంది కాబట్టి లోపల సుమారు 128 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. 115 డిగ్రీల ద్రవం మీద మూత తీశారనుకోండి, ఒత్తిడి పోయిన క్షణమే అదంతా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

దీన్నే తిప్పి చూడండి. ఎక్కడో చిన్న లీకు ఉండి ఒత్తిడి నిలవకపోతే మరిగే హద్దు కూడా కిందికి దిగుతుంది. అంటే లీకు వల్ల పోయేది కూలెంట్ ఒక్కటే కాదు.

బెజవాడ గారూ, ఇప్పటిదాకా డబ్బాలో ఏం పోస్తున్నారు? మా జిల్లాలో బోరు నీళ్ళు పోసి పాడుచేసుకున్న రేడియేటర్లు లెక్కలేనన్ని. టీ గిన్నె అడుగున తెల్లగా పేరుకునే గారే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ నీళ్ళలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని తినేస్తాయి.

బెజవాడ_హ్యాచ్ | మంగళవారం, ఉదయం 8:50

గోదారి గారూ, ఏసీ వేశాను. ఫ్యాన్ కదల్లేదు. కంప్రెసర్ టక్కుమని కలిసిన చప్పుడు వచ్చింది, ఫ్యాన్ మాత్రం శిలలా ఉంది. అలాగే వదిలేస్తే ముల్లు సగం దాటాక ఒక్కసారిగా పెద్ద హోరుతో తిరిగింది, కాసేపటికి ఆగిపోయింది.

మాస్టారూ, నేను పోసేది ఆర్వో నీళ్ళు. మెకానిక్ ఏం పోశాడో తెలీదు. డబ్బాలో రంగు లేత గులాబీలా, దాదాపు నీళ్ళలానే ఉంది.

గోదారి_గ్యారేజ్ | మంగళవారం, ఉదయం 9:20

హోరుతో తిరిగిందంటే మోటరు బాగానే ఉంది, దానికి కరెంటు కలిపే స్విచ్, అదే హై స్పీడ్ రిలే, కూడా బాగానే ఉంది. పోయింది లో స్పీడ్. మీ బండిలో ఉన్నది రెండు వేగాల ఫ్యాన్. మెల్లగా తిరగడానికి కరెంటు ఒక రెసిస్టర్ గుండా వెళ్తుంది. అది వేడికి కాలిపోతే మొదటి వేగం చచ్చిపోతుంది, రెండోది మిగులుతుంది. అందుకే ఎవరైనా చూసి "ఫ్యాన్ తిరుగుతోంది కదా" అనేస్తారు. మీ మెకానిక్ కూడా అలాగే అనుకుని ఉంటాడు.

ఆ రెసిస్టర్ ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రానికి బిగించి ఉంటుంది, రెండు వైర్ల ప్లగ్గు. ముందు ఫ్యూజు, లో స్పీడ్ రిలే చూడండి. అవి బాగుంటే బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టండి. బాగున్న రెసిస్టర్ ఒక ఓమ్ లోపో, కాస్త అటూ ఇటూనో చూపిస్తుంది. కాలిపోతే అసలు దారే ఉండదు.

బండి కంప్యూటర్ నుంచి అసలు టెంపరేచర్ చదివే ఓబీడీ స్కానర్ ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకోండి. డాష్‌బోర్డు ముల్లుని నమ్మకండి. చాలా బండ్లలో 80 నుంచి 100 దాటేదాకా అది కావాలనే మధ్యలో నిలబడుతుంది, జనం కంగారు పడకుండా. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం.

కూలెంట్ ఎటు పోతోందని వరంగల్ అన్న అడిగాడు కదా. దానికి ప్రెషర్ టెస్ట్ కావాలి. క్యాప్ స్థానంలో చేతిపంపు బిగించి, చల్ల ఇంజన్ మీద క్యాప్ మీద రాసున్న ప్రెషర్ దాకా ఎక్కించి, పావుగంట వదిలేస్తారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. అప్పుడు టార్చి వేసి వెతకాలి. ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసేవాళ్ళ దగ్గర ఈ పంపు ఉంటుంది. హెడ్ విప్పే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించకపోతే ఎలా?

డాలస్_రమ | మంగళవారం, ఉదయం 9:55

ఇక్కడ మాకు రాత్రి. నిద్రపోయే ముందు ఒక మాట.

గ్యాస్కెట్ పోయిందో లేదో ఊహించక్కర్లేదు, బ్లాక్ టెస్ట్ అని ఒకటుంది. గాజు గొట్టంలో నీలం ద్రవం పోసి రేడియేటర్ నోటికి పెట్టి, ఇంజన్ నడుస్తుండగా లోపలి గాలిని దాని గుండా లాగుతారు. కాలిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పెట్రోల్ బండికి ద్రవం పసుపుపచ్చకి మారుతుంది. రాకపోతే నీలంగానే ఉంటుంది. ఇక్కడ విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టి ఆ సాధనం తెచ్చుకుని మళ్ళీ ఇచ్చేయొచ్చు. నేను మావారి కారుకి అలాగే చేశాను. అక్కడ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, హెడ్ ఖర్చు ముందు అదెంత.

ఊరికే చూడగలిగేవీ ఉన్నాయి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, నిమిషంలోపు పై హోస్ పైపు నొక్కి చూడండి. ఇంకా వేడెక్కకముందే రాయిలా గట్టిపడితే అనుమానించాలి. డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది ఉందా? సైలెన్సర్ నుంచి వేడెక్కాక కూడా తెల్లటి పొగ, తియ్యటి వాసన వస్తున్నాయా? కారు లోపల ముందు కార్పెట్ కింద తడి ఉందేమో కూడా చూడండి, హీటర్ కోర్ లీకైతే అక్కడే తేలుతుంది.

వరంగల్_వీల్స్ | మంగళవారం, ఉదయం 10:30

మీగడ లేకున్నా గ్యాస్కెట్ పోతది మేడం. నేను జూసిన.

డాలస్_రమ | మంగళవారం, ఉదయం 10:34

అవును, పోవచ్చు. అందుకే బ్లాక్ టెస్ట్ అంటున్నాను, మీగడ ఒక్కటే చూడమనలేదు.

లారీ_శీను | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఇంత చదువెందుకు తమ్ముడూ, ఫ్యాన్‌కి డైరెక్ట్ వైరు లాగి డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టించు. మూడొందలు.

గోదారి_గ్యారేజ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

రిలే, ఫ్యూజు లేకుండా అంత కరెంటు ఒక చిన్న స్విచ్ గుండా లాగితే వైరు కరుగుతుంది. కాలిపోయిన బండ్లు నా షెడ్డుకొచ్చాయి. పైగా స్విచ్ వెయ్యడం మరిచిపోయిన రోజు ఏమిటి?

బెజవాడ_హ్యాచ్ | గురువారం, రాత్రి 8:30

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, రెండు పనులూ అయ్యాక రాద్దామని ఆగాను.

ఆఫీసులో ఒకతని స్కానర్ తీసుకుని, ఏసీ లేకుండా ఇంటి ముందే నిలబెట్టి చూశాను. 96, 98, 101, ఫ్యాన్ లేదు. 104 దగ్గర హోరుతో తిరిగింది, 97కి దించి ఆగింది. ఏసీ వేస్తే 108 దాకా పోయింది, భయమేసి ఆపేశాను. ఫ్యూజు బాగుంది, రిలే మార్చి చూసినా అంతే. రెసిస్టర్‌కి మల్టీమీటర్ పెడితే ఏమీ చూపించలేదు. విప్పితే ఒక పక్క నల్లగా మాడి ఉంది.

ప్రెషర్ టెస్ట్ ఆటోనగర్‌లో చేయించాను. ఒక బార్ ఎక్కించాడు, ఐదు నిమిషాలకే 0.7కి పడింది. ముందు ఎక్కడా చుక్క కనపడలేదు. ఇంజన్ కింది ప్లాస్టిక్ షీటు విప్పితే దాని మీద గులాబీ రంగు పొక్కులా ఎండిపోయిన మరక! ఇన్నాళ్ళూ కారిందంతా ఆ షీటు మీదే పడి ఆరిపోతోంది, నేలదాకా రావట్లేదు. రేడియేటర్ పక్క ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ కలిసే మడత దగ్గర, కింది మూలలో, ప్రెషర్ ఉన్నప్పుడు మాత్రమే చెమట పట్టినట్టు ఊరుతోంది. కింద అప్పుడప్పుడు కనిపించే నీళ్ళు ఏసీవే, రంగూ లేదు, జిగురూ లేదు.

రమ గారు చెప్పిన బ్లాక్ టెస్ట్ కూడా అక్కడే ఉంది. నీలంగానే ఉండిపోయింది. పొద్దున పై హోస్ మెత్తగానే ఉంది, కార్పెట్ పొడిగా ఉంది.

గోదారి_గ్యారేజ్ | గురువారం, రాత్రి 9:10

ఇదిగో, వరంగల్ అన్న ప్రశ్నకి జవాబు. ఫ్యాన్ కూలెంట్ తాగదు గానీ తాగించగలదు. లో స్పీడ్ లేక రోజూ సాయంత్రం 104, 108 దాకా వెళ్తుంటే లోపల ప్రెషర్ హద్దు దాకా ఎక్కి దిగుతుంటుంది. పదేళ్ళ ప్లాస్టిక్, దాని కింది రబ్బరు సీలు అప్పటికే గట్టిపడి ఉంటాయి, బలహీనమైన మూలలో ఊరడం మొదలవుతుంది. కూలెంట్ తగ్గేకొద్దీ ఇంకా వేడి, ఇంకా ప్రెషర్. రెసిస్టర్ వదిలేసి రేడియేటర్ ఒక్కటే మారిస్తే కొత్తదాన్నీ అలాగే తినేస్తుంది. రెండూ చేయించండి.

ప్లాస్టిక్ ట్యాంకుకి ఎంసీల్ పూస్తామంటారు, ఒప్పుకోకండి. సీలు మార్చి మడత మళ్ళీ నొక్కేవాళ్ళు ఉన్నారు, చెయ్యి మంచిదైతే నిలుస్తుంది. నా ఓటు కొత్త రేడియేటర్‌కే.

నల్గొండ_మాస్టారు | గురువారం, రాత్రి 9:45

కూలెంట్ ఎలాగూ మొత్తం దించుతారు కాబట్టి ఈసారి సరిగ్గా పోయించండి. రంగు చూసి కొనకండి, గులాబీకీ ఆకుపచ్చకీ అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం లేదు. బండి మాన్యువల్లో ఏ రకం రాశారో అదే తీసుకోండి. వేర్వేరు రకాలు కలిపితే తుప్పు ఆపే మందులు ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. యాసిడ్ డబ్బా కాదు, చూసి తీసుకోండి. మన దగ్గర గడ్డకట్టే చలి ఎక్కడుందని కొందరు నీళ్ళే పోస్తారు. మనకి కావలసింది చలి నుంచి కాపాడేది కాదు, ఆ తుప్పు మందు, మరిగే హద్దు.

దించిన పాత కూలెంట్‌ని కాలవలో పోయనివ్వకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి. పిల్లలున్న ఇంట్లో తాగే నీళ్ళ సీసాల్లో అస్సలు పెట్టకండి.

బెజవాడ_హ్యాచ్ | శనివారం, రాత్రి 7:50

రేడియేటర్ 4,600, రెసిస్టర్ 650, కూలెంట్, కూలీ కలిపి 7,400 అయింది. ఏసీ వెయ్యగానే ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది, సిగ్నల్‌లో చల్లగా ఉంది.

కానీ ఇంటికొస్తుంటే స్కానర్‌లో ఒకసారి 109 చూపించి మళ్ళీ 92కి పడింది. ట్రాఫిక్ కూడా లేదు. హీటర్ పెడితే చల్లగాలి వస్తోంది. గుండె జారింది. గ్యాస్కెట్ కూడా పోయిందంటారా?

వరంగల్_వీల్స్ | శనివారం, రాత్రి 8:00

నేను ముందే చెప్పిన.

గోదారి_గ్యారేజ్ | శనివారం, రాత్రి 8:20

కంగారు పడకండి. ఇంజన్ వేడిగా ఉండి హీటర్ చల్లగాలి కొట్టడం, అంకెలు గెంతడం, రెండూ గాలి ఇరుక్కున్న గుర్తులు. కూలెంట్ పోసి మూత బిగించి పంపేశారు, గాలి తీయలేదు. ఇప్పుడు బండి తోలకండి.

పొద్దున పూర్తిగా చల్లారాక ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా నిలబెట్టి క్యాప్ తీయండి. డబ్బా కాదు, రేడియేటర్ నోరే చూడండి. డబ్బా నిండుగా ఉన్నా లోపల ఖాళీ ఉండొచ్చు. నింపండి. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఏసీ ఆపి, స్టార్ట్ చేయండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి నీళ్ళ ధార వచ్చాక బిగించండి. మధ్యమధ్యలో పై హోస్ పైపుని మెల్లగా నొక్కి వదులుతుంటే గుడగుడమని గాలి వస్తుంది, మట్టం పడుతుంది, మళ్ళీ పోయండి. మట్టం నిలబడ్డాక, నీళ్ళు పైకి పొంగేంత వేడి రాకముందే క్యాప్ పెట్టేయండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. చల్లారాక మళ్ళీ మట్టం చూడండి.

బెజవాడ_హ్యాచ్ | ఆదివారం, సాయంత్రం 6:15

లీటరుకి కొంచెం తక్కువ పట్టింది! హీటర్ ఇప్పుడు పొయ్యిలా కొడుతోంది. బెంజ్ సర్కిల్ చుట్టూ కావాలనే రద్దీలో తిప్పాను, ఏసీతో 98 దాటలేదు. డబ్బా మట్టం గీత మీదే ఉంది. వారం ఆగి మళ్ళీ చూసి రాస్తాను.

తిరుపతి_టాక్సీ | ఆదివారం, సాయంత్రం 6:40

సూపర్ అన్నా. మాది ఇంకో రకం. మా డీజిల్ వ్యాన్‌కి సిగ్నల్‌లో ఏమీ కాదు, ఏసీ బాగుంది. కడప హైవేలో 90 దాటినా, ఘాట్ ఎక్కేటప్పుడూ వేడెక్కతాది. ఇదీ ఫ్యానేనా?

గోదారి_గ్యారేజ్ | ఆదివారం, రాత్రి 7:05

కాదు, మీది దీనికి తిరగేసిన కేసు. గాలి పుష్కలంగా ఉన్నా వేడెక్కుతోందంటే నీళ్ళు తిరగడమో, వేడి వదలడమో లోపం. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పురుగులు, దుమ్ము పేరుకున్నాయేమో చూసి ఇంజన్ వైపు నుంచి నీళ్ళు కొట్టించండి, ప్రెషర్ వాషర్‌తో కాదు, రెక్కలు వంగిపోతాయి. తర్వాత కింది హోస్ పైపు చూడండి. ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని చూస్తే, పైపు మెత్తబడిపోయి ఉంటే పంపు లాగుడికి లోపలికి చప్పబడుతుంది. డీజిల్ కాబట్టి ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగని కూలెంట్‌తో చల్లార్చే ఈజీఆర్ కూలర్ కూడా లెక్కలో ఉంటుంది, కూలెంట్ తగ్గుతోందా? కి.మీ., ఇంజన్ వివరాలతో కొత్త టాపిక్ తెరవండి, అక్కడ చూద్దాం.